పాప్, ఎల్‌బీసీ, హెచ్‌పీవీ: డబ్బు దేని మీద పెట్టాలి?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్‌లో పాత పాప్ స్మియర్ (ముఖద్వారం నుంచి తీసిన కణాలని నేరుగా స్లయిడ్ మీద పూసి చూసే పరీక్ష) మానేసి ఎల్‌బీసీకి (కణాలని ముందు ద్రవంలో కలిపి, తర్వాత స్లయిడ్ చేసే పద్ధతి) మారితే ఎక్కువ కేసులు దొరుకుతాయని చాలామంది అనుకుంటారు. దొరకవు. నెదర్లాండ్స్‌లో ఈ రెంటినీ పోల్చి 2009లో ఫలితాలు ప్రకటించిన పెద్ద ట్రయల్‌లో, సిన్ 2 (క్యాన్సర్‌కి ముందు కణాల్లో వచ్చే మధ్యస్థాయి మార్పు), ఆ పై దశలను పట్టుకోవడంలో తేడా కనిపించలేదు. ఎల్‌బీసీతో ప్రధానంగా తగ్గేది పనికిరాని స్లయిడ్ల సంఖ్య. చదవడం కూడా సులువే.

పాప్ స్మియర్ ఎక్కువగా చెడేది ల్యాబ్‌లో కాదు, శాంపిల్ తీసే గదిలో. స్పాట్యులాని ముఖద్వారం మీద 360 డిగ్రీలు తిప్పి, పలుచగా పూసి, తడి ఆరకముందే 95 శాతం ఆల్కహాల్‌లో ముంచాలి, కనీసం 15 నిమిషాలు ఉంచాలి. కొన్ని సెకన్లు ఆలస్యమైనా కణాలు ఎండి, న్యూక్లియస్‌లు ఉబ్బి అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. అప్పుడు మామూలు కణానికే అనుమానం రావచ్చు, అసలు మార్పు తప్పిపోనూ వచ్చు. ఆల్కహాల్ జాడీ బల్ల మీదే మూత తీసి సిద్ధంగా పెట్టుకుంటే సగం సమస్య తీరినట్టే.

ఎల్‌బీసీలోనూ జాగ్రత్తలున్నాయి. థిన్‌ప్రెప్ అనే ఎల్‌బీసీ బ్రాండు వయల్‌లో (ద్రవం ఉన్న చిన్న సీసాలో) బ్రూమ్‌ని (కణాలు తీసే బ్రష్‌ని) అడుగుకి 10 సార్లు గట్టిగా అదిమి, గిరగిరా తిప్పి తీసేయాలి. ష్యూర్‌పాత్ అనే మరో బ్రాండులో మాత్రం బ్రష్ తలని వయల్‌లోనే వదిలేయాలి. కార్బోమర్ (చిక్కబరిచే పదార్థం) ఉన్న లూబ్రికెంట్ జెల్లీ వాడితే థిన్‌ప్రెప్ ఫిల్టర్ మూసుకుపోయి స్లయిడ్ మీద కణాలు పడవు. బెథెస్డా (ఈ రిపోర్టులు రాయడానికి వాడే ప్రామాణిక పద్ధతి) లెక్క ప్రకారం ఎల్‌బీసీకి కనీసం 5,000, పాప్‌కి 8,000 నుంచి 12,000 స్క్వామస్ (ముఖద్వారం పైపొర) కణాలు కావాలి.

నిజంగా తేడా తెచ్చేది, ఈ క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్‌ని వెతికే హెచ్‌పీవీ పరీక్షే. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పుడు ధారాశివ్) జిల్లాలో 30-59 ఏళ్ల మహిళలు సుమారు 1.3 లక్షల మందితో చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన ఊళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. పాప్, వీఐఏ (అసిటిక్ యాసిడ్ పూసి కంటితో చూసే పరీక్ష) చేసిన ఊళ్లలో చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. మన దేశంలో ఇంతకంటే బలమైన ఆధారం ఏం కావాలి?

అయితే పాజిటివ్ వస్తే క్యాన్సర్ ఉన్నట్టు కాదు. 30 ఏళ్ల లోపు ఇన్‌ఫెక్షన్లు చాలావరకు వాటంతటవే పోతాయి, అందుకే ఆ వయసులో ఈ పరీక్ష అనవసర భయం పెడుతుంది. హెచ్‌పీవీలో 16, 18 రకాలు తేలితే నేరుగా కాల్పోస్కోపీకి (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే పరీక్షకి) పంపాలి, మిగతా హై రిస్క్ రకాలకి సైటాలజీ (పాప్ లేదా ఎల్‌బీసీతో కణాల పరీక్ష) చూడాలి. కిట్ కొనేటప్పుడు బీటా గ్లోబిన్ లాంటి మానవ జన్యువు కంట్రోల్ ఉందో లేదో తప్పక అడగండి. అది లేకపోతే కణాలే లేని స్వాబ్ కూడా నెగెటివ్‌గా రిపోర్టవుతుంది.

ఒకే వయల్ నుంచి ఎల్‌బీసీ, హెచ్‌పీవీ రెండు పరీక్షలూ చేసేటప్పుడు హెచ్‌పీవీకి కావాల్సిన భాగాన్ని ముందే వేరే ట్యూబులోకి తీసిపెట్టాలి. ఎల్‌బీసీ మెషిన్‌లో పెట్టాక తీస్తే పక్క శాంపిల్ డీఎన్ఏ కలిసే ప్రమాదముంది. రక్తం ఎక్కువున్న శాంపిల్‌ని అసిటిక్ యాసిడ్‌తో కడగాల్సి వస్తే, ఆ పని కూడా ఈ భాగం తీశాకే చేయాలి.