అంగుళం పురుగుకి అర్ధగంట న్యూస్

ఇవాళ లాండ్రీ తప్ప పెద్ద పనేం లేదు, కాఫీ కలుపుకుని టీవీ పెడితే మళ్ళీ అదే, స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై అనే చెట్ల రసం పీల్చే పురుగు. కింద ఎర్ర పట్టీ మీద "దండయాత్ర" అని రాసి, వెనక దెయ్యాల సినిమా మ్యూజిక్ పెట్టి, పురుగు మొహాన్ని స్క్రీన్ నిండా చూపిస్తున్నారు. తీరా చూస్తే అది అంగుళం ఉంటుంది, కుట్టదు, కరవదు. ఆ ఒక్క ముక్క యాడ్స్‌కి వెళ్ళేముందు గబగబా చెప్పేసి చేతులు దులుపుకున్నారు.

మధ్యాహ్నానికల్లా మన న్యూజెర్సీ వాట్సాప్ గ్రూపు వేడెక్కింది. ఒకావిడ పిల్లల్ని పార్కుకి పంపొచ్చా అని అడుగుతోంది, ఇంకొకాయనైతే పెరట్లో మేపుల్ మీద నాలుగు కనిపించాయని చెట్టే కొట్టించేస్తాడట. అన్నా ఆగండి, పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు చెట్లకి వలలు కట్టి అందులో ఈ పురుగుల్ని వదిలి నాలుగేళ్ళు చూశారు, మేపుల్ లాంటివి మొదట్లో కాస్త ఎదుగుదల తగ్గినా తట్టుకున్నాయి అని టైప్ చేశా. అసలు దెబ్బ ద్రాక్షతోటల వాళ్ళకి. గుంపులుగా తీగలమీద చేరి రసం పీల్చేస్తే ఆ తీగ చలికాలం దాటడమే కష్టం. 2014లో పెన్సిల్వేనియా బెర్క్స్ కౌంటీలో బయటపడినప్పట్నుంచీ వాళ్ళు మొత్తుకుంటూనే ఉన్నారు, కానీ రైతు గోడు కంటే పురుగు మొహానికే రేటింగ్ ఎక్కువ కదా. పైగా టీవీ చూసి భయపడి చెట్లకి జిగురు టేపులు చుట్టేస్తున్నారు, వాటికి పిట్టలు కూడా అతుక్కుపోతున్నాయి పాపం.

పనికొచ్చే సంగతి మాత్రం ఎవడూ చూపించడు. సాయంత్రం గ్రిల్ కవర్ తీస్తే దాని కాలు లోపలి వైపు బూడిదరంగులో ఎండిన బురద పూసినట్టు ఓ మరక, అవే గుడ్లు, ఒక్కో మరకలో ముప్ఫై నుంచి యాభై దాకా ఉంటాయి. పాత గిఫ్ట్ కార్డుతో గీకి, శానిటైజర్ పోసిన జిప్‌లాక్ కవర్లోకి తోసేశా, రెండు నిమిషాల పని. పక్కన బండ మీదంతా ఈ పురుగులు కార్చిన తీపి జిగురు, దానికి కందిరీగలు మూగుతున్నాయి, భయపడితే వాటికి భయపడాలి, అవి నిజంగా కుడతాయి.

ఇప్పుడే ఫోన్ చూశా, మేపుల్ అన్న రిప్లై: "సరే తమ్ముడూ, చెట్టు ఉంచుతా, మరి స్ప్రే ఏది కొట్టమంటావ్?"