ఒక్క ఓకే

టైము పదకొండున్నర దాటింది. పొద్దున ఆరూ నలభైకి చిన్నదాని స్కూలు బస్సు. అయినా నిద్ర రావడం లేదు. కారణం చెబితే నవ్వుతారు. మధ్యాహ్నం ఒక కాల్‌లో నేను "ఓకే" అన్నాను. అంతే.

మాంచెస్టర్ వాళ్ళతో కాల్. రిపోర్టు రెండు రోజులు ఆలస్యమవుతుందన్నాడు అవతలాయన. నాకేం ఇబ్బంది లేదు. మన పనీ ఇంకా కాలేదు కదా, బతికిపోయాం అనుకున్నాను కూడా. "ఓకే" అన్నాను. అటు కాసేపు చప్పుడు లేదు. తర్వాత పాపం ఆయన సారీలు మొదలుపెట్టాడు, ఎందుకు ఆలస్యమైందో పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చాడు. కాల్ అయిన రెండు నిమిషాలకి మా మేనేజర్ మెసేజ్. ఏమైంది, కోపంగా వినిపించావు, ఆ ట్రైనింగ్ మాత్రం మానకు అని.

ఆ ట్రైనింగ్ అంటే ఇంగ్లీషులో గొంతు ఎక్కడ లేపాలో ఎక్కడ దించాలో ఆఫీసులో నేర్పే క్లాసు. దాని గురించి పోయిన వారమే ఇక్కడ ఏడ్చాను. ప్రతి గురువారం నాలుగున్నరకి, సరిగ్గా టీ వేళకి, నలభై దాటినవాళ్ళం ఎనిమిది మందిమి కూర్చుని "రియల్లీ" అనే మాటని ఆరు రకాలుగా అనాలి. ఆశ్చర్యపోతూ ఒకసారి, నమ్మనట్టు ఒకసారి, ఆసక్తి లేనట్టు ఒకసారి. చివరిది మాత్రం అందరికీ మొదటిసారే వచ్చేసింది. ట్రైనరమ్మాయి సంగీతం టీచరులా గాల్లో చెయ్యి పైకీ కిందికీ ఆడిస్తుంది. అవునో కాదో చెప్పాల్సిన ప్రశ్నయితే గొంతు చివర లేవాలి. వాట్, వేర్, వై ప్రశ్నలకి మామూలుగా దిగాలి. జాబితా చదివితే ఒక్కోటీ లేచి ఆఖరిది దిగాలి. "ఈజింట్ ఇట్" చివర దిగితే నాకు తెలిసిందే, నువ్వు ఊఁ అను అని. లేస్తే నిజంగానే అడుగుతున్నట్టు. ఇదంతా నేను డిగ్రీలో బాణాలు గీసి మార్కులు తెచ్చుకున్న చదువే. అప్పుడు నోరు విప్పమని ఎవరూ అనలేదు. పెన్సిల్‌తో బాణాలు పెట్టమన్నారు, పెట్టాం.

నాకు ఒళ్ళు మండేది ఆ అమ్మాయి మీద కాదు. "గొంతులో నవ్వు వినిపించాలి" అంటుంది చూడండి, ఆ మాట మీద. బెంగళూరులో ఈ మారతహళ్లి బ్రిడ్జి కింద వానలో నలభై నిమిషాలు ఇరుక్కుని వచ్చినదాని గొంతులో నవ్వెక్కడి నుంచి వస్తుంది? పైగా ఫోన్‌లో ఒక యాప్ పెట్టించింది. మనం మాట్లాడితే గొంతు ఎత్తుపల్లాల్ని గీతలా చూపిస్తుందది. నా "ఓకే" గీత నూతిలో జారిన చేదలా నిలువునా దిగింది. పక్కన కూర్చున్నతనిది కూడా అంతే. ఆయనది అనంతపురం.

ఈ రోజు ఒక కథ కూడా చెప్పింది. బ్రిటన్‌లో ఒక పెద్ద విమానాశ్రయంలో, స్టాఫ్ క్యాంటీన్‌లో మన దేశం నుంచీ పాకిస్తాన్ నుంచీ వెళ్ళిన ఆడవాళ్ళు కొత్తగా పనిలో చేరారట. వీళ్ళది దురుసు ప్రవర్తన అని ఫిర్యాదులు. తీరా చూస్తే వాళ్ళు ఆడిన మాటలే బహు తక్కువ. ప్లేటు పట్టుకున్నవాళ్ళని గ్రేవీ కావాలా అని అడగాలి. అక్కడి వాళ్ళు "గ్రేవీ" అని గొంతు లేపి అడుగుతారు. మనవాళ్ళు అదే మాట దించి అనేవాళ్ళు. కావాలా అని అడిగినట్టు లేదు, ఇదుగో గ్రేవీ, తీసుకుంటే తీసుకో అన్నట్టుంది. ఇంటికొచ్చాక వెతికాను. జాన్ గంపర్జ్ అనే భాషాశాస్త్రవేత్త 1982లో వచ్చిన తన పుస్తకంలో రాసిన సంగతి. రికార్డింగులు వినిపిస్తే మొదట ఆ ఆడవాళ్ళు, రెండూ ఒకటే కదా తేడా ఏముంది అన్నారట.

నేనూ అదే అన్నాను, మనసులో. ఎందుకంటే మనకి ప్రశ్న గొంతులో ఉండదు, మాట చివర ఉంటుంది. "గ్రేవీయా?" అన్నామంటే ఆ దీర్ఘంతో పని అయిపోయింది. ఆ అమ్మాయి "ఐ డిడింట్ టేక్ యువర్ పెన్" అని బోర్డు మీద రాసి, ఏ మాటని ఒత్తితే ఏ అర్థమో చెప్పించింది. మనకి ఆ అవస్థ లేదు. తీసింది నేను కాదు. నేను తీసింది పెన్ను కాదు. నేను తీసింది నీది కాదు. మాటల్ని అటూ ఇటూ జరుపుకుంటాం, గొంతు చించుకోం. వాళ్ళకి రాగం ఉంటే మనకి మాట చివర తగిలించే ఏ, గా, లే, ట, ఓ ఉన్నాయి. ఇంక నేనెందుకు పాడాలి? ఇదీ ఇల్లు చేరేదాకా నా వాదన. ఇక్కడ ఇదే రాసి పడుకుందామనుకున్నాను కూడా.

గిన్నెలు సర్దుతుంటే అమ్మ గుర్తొచ్చింది. గుంటూరు హాస్టల్ రోజులు, 1996. మా ఊళ్ళో ఫోను షావుకారు గారింట్లోనే. ఎస్టీడీ బూత్ నుంచి ఒకసారి చేసి అమ్మని పిలవమని పెట్టేసి, పది నిమిషాలాగి మళ్ళీ చేయాలి. అద్దాల గదిలో ఉక్క. నెత్తి మీద మీటరులో ఎర్ర అంకెలు పరుగెత్తుతుంటే నా మాటలూ పరుగెత్తేవి. అమ్మ మాత్రం గుంటూరు దాకా వినపడాలన్నట్టు అరిచేది. ఆ ఆదివారం అరవలేదు. "ఫీజు కట్టేశాం లే" అంది. గేదె ఎలా ఉందని అడిగాను. "బాగానే ఉంది" అంది. ఆ "నే" దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఆగింది, కాస్త పైకి లేచింది. గేదెని అమ్మేశారని నాకు అక్కడే తెలిసిపోయింది. ఇంకేం అడగలేదు. మీటరు పన్నెండు రూపాయల దగ్గర ఆగింది. సంక్రాంతికి వెళ్తే గాడి ఖాళీ, కట్టుకొయ్యకి పలుపు తాడు మాత్రం చుట్టి ఉంది.

ఇప్పుడు నా వాదన ఏమైనట్టు? "బాగానే ఉంది" అనే మాట నిజంగా బాగున్నప్పుడు కూడా అంటాం. ఆ రోజు నాకు విషయం చెప్పింది ఒక్క "నే" కాదు, అమ్మ దాన్ని లాగిన తీరు. ట్రైనరమ్మాయి దిగి మళ్ళీ లేచే గొంతు అని ఒకటి చెప్పింది. "ఇట్స్ గుడ్" అని దించి చివర కొంచెం లేపితే, బాగుంది గానీ... అనే అనుమానం వినిపిస్తుందట. అమ్మది అదే పని. ఇంగ్లీషు ముక్క రాని మనిషి!

అంటే మనమూ పాడతాం. నేను ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడే ఏ, గా, లే అన్నిటినీ గుమ్మం దగ్గర వదిలేసి, వాళ్ళ రాగమూ అందుకోకుండా ఉత్త మాటలతో వెళ్తున్నాను. ఈ ఊళ్ళో కొందరు తెలివైనవాళ్ళు దాటించేస్తారు. "ఐ టోల్డ్ యూ, నో?" "హీ ఈజ్ దేర్ ఓన్లీ" అంటారు. ఆ "నో" మన "గా", ఆ "ఓన్లీ" మన "ఏ". ట్రైనింగ్‌లో మొట్టమొదట కోసేసేది వాటినే.

రాత్రి వంటింట్లో నాలుగైదు సార్లు ఓకే, ఓకే అనుకుంటుంటే అత్తయ్య వచ్చి ఎవరితోనే అన్నారు. చిన్నది విని, "అమ్మా, నువ్వు ఓకే అనట్లేదు, తలుపేస్తున్నావు" అంది. అది మాత్రం వీడియోలు చూసి చూసి ప్రతి మాటా చివర లేపుతుంది, అన్నం తిన్నాను అని చెప్పినా అడిగినట్టే ఉంటుంది. దాన్ని అనుకరించబోతే ఇద్దరం నవ్వుకున్నాం.

రేపు మళ్ళీ ఆయనతోనే కాల్. గొంతు లేపడం ఈ రాత్రికి రాత్రి వచ్చేది కాదు. ఓకే తర్వాత ఇంకో మాట కలుపుదామనుకుంటున్నాను. "ఓకే, నో ప్రాబ్లమ్, టేక్ యువర్ టైమ్" అంటే ఎంత దించినా కోపంలా ఉండదు కదా. ఈయన్ని అడుగుదామంటే ఎప్పుడో గుర్రు.

పాలు తోడు పెట్టానో లేదో. చూసొస్తాను.