డాక్టర్ వచ్చేలోపు నువ్వేం చేస్తావు?

విజయవాడలో స్టాఫ్ నర్స్ ఉద్యోగానికి నా మొదటి ఇంటర్వ్యూ పది నిమిషాల్లో అయిపోయింది. ప్యానెల్‌లో మధ్యలో కూర్చున్న నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ అడిగిన రెండో ప్రశ్న ఇది: "పేషెంట్‌కి రక్తం ఎక్కిస్తున్నావు. 20 నిమిషాలయ్యాక చలి, వణుకు మొదలయ్యాయి. ఏం చేస్తావు?"

"డ్యూటీ డాక్టర్ గారికి చెప్తాను మేడమ్" అన్నాను వెంటనే.

"ఆయన ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నారు, ఫోన్ ఎత్తడం లేదు. డాక్టర్ వచ్చేలోపు నువ్వేం చేస్తావు?"

జవాబు నాకు తెలుసు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న జవాబే. కానీ ఆ గదిలో "వైటల్స్ చూస్తాను" తప్ప నోట్లోంచి ఇంకో మాట రాలేదు. "అప్పటిదాకా రక్తం ఎక్కుతూనే ఉంటుందా అమ్మా?" అని నెమ్మదిగా అడిగారావిడ. కోప్పడి ఉంటే అంత బాధ అనిపించేది కాదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి, అడిగిన ప్రశ్నలూ నేను చెప్పిన జవాబులూ గుర్తున్నంతవరకు ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మొత్తం ఏడు ప్రశ్నలు. వాటిలో ఐదింటికి నా మొదటి మాట ఒక్కటే: డాక్టర్‌కి చెప్తాను. ఆ అలవాటు ఎక్కడిదో కూడా అప్పుడే అర్థమైంది. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక నేను పద్నాలుగు నెలలు ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో పని చేశాను. అక్కడ నర్సు సొంతంగా బెడ్ తల వైపు ఎత్తినా "ఎవరిని అడిగి చేశావ్?" అనేవారు. అడగకుండా ఏమీ చేయకపోవడమే క్షేమం అని మనసులో నాటుకుపోయింది. మనలో చాలామంది అలాంటి చోట్ల పని చేసి వచ్చినవాళ్లమే. అందుకే ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఎయిమ్స్ వాళ్లు నర్సుల కోసం పెట్టే నార్‌సెట్ పరీక్షకి గానీ, తెలంగాణలో మెడికల్ బోర్డు పెట్టే స్టాఫ్ నర్స్ పరీక్షకి గానీ ఇంటర్వ్యూ ఉండదు. వాటి ప్రిపరేషన్ వేరు. నేను చెప్పేది పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల ఇంటర్వ్యూల గురించి. నేను వెళ్లిన మూడు చోట్లా చిన్న రాత పరీక్ష, తర్వాత నర్సింగ్ ప్యానెల్, చివర్లో హెచ్‌ఆర్ ఉన్నాయి. ఒక చోట స్కిల్ ల్యాబ్‌లో బొమ్మ మీద చేసి చూపించమన్నారు.

ఆ నోట్‌బుక్‌కి "డాక్టర్ వచ్చేలోపు" అని పేరు పెట్టుకున్నాను. పేజీకి ఒక పరిస్థితి. పేజీని నిలువుగా రెండుగా గీసి, ఎడమవైపు ఆర్డర్ లేకుండా నేను చేయగలిగినవి, చేయాల్సినవి రాశాను. కుడివైపు ఆర్డర్ ఉంటేనే చేయాల్సినవి. ఈ గీత చాలా ముఖ్యం. డాక్టర్ రాకముందే మందు ఇచ్చేస్తాను అంటే అది ధైర్యం అనుకోరు, ప్రమాదం అనుకుంటారు. ఏమీ చేయకుండా నిలబడతాను అన్నా అంతే. ప్యానెల్ వాళ్లు చూసేది ఆ గీత మనకు తెలుసా లేదా అని.

మొదటి పేజీ రక్తం రియాక్షనే. ఎడమవైపు ఇలా రాసుకున్నాను: ముందు రక్తం ఆపేస్తాను. నరంలో ఉన్న క్యాన్యులా (సన్నని గొట్టం) తీయను, ఎందుకంటే ఆ లైన్ ఇంకాసేపట్లో ప్రాణం కాపాడొచ్చు. పాత సెట్ మొత్తం తీసేసి, కొత్త సెట్‌తో నార్మల్ సెలైన్ పెట్టి లైన్ తెరిచి ఉంచుతాను. పాత సెట్‌లోనే సెలైన్ వదిలితే అందులో మిగిలిన రక్తం కూడా లోపలికే పోతుంది. ఆ పని చేస్తూనే పక్కనున్న సిస్టర్‌ని పిలిచి డాక్టర్‌కి కబురు పంపిస్తాను. ఊపిరి, బీపీ, పల్స్, టెంపరేచర్ చూస్తాను. పేషెంట్ పేరు, నంబరు, బ్యాగ్ మీద లేబుల్, బ్లడ్ గ్రూప్ మళ్లీ సరిచూస్తాను. బ్యాగ్, సెట్ పారేయకుండా బ్లడ్ బ్యాంక్‌కి పంపడానికి ఉంచుతాను. మూత్రం రంగు గమనిస్తాను. టైమ్‌తో సహా కేస్ షీట్‌లో రాస్తాను. కుడివైపు: ఇంజెక్షన్లు, ఆ తర్వాత ఏం చేయాలన్న నిర్ణయం. దీనికి అనుబంధంగా అడిగేవి కూడా అదే పేజీ కింద రాశాను. మొదటి 15 నిమిషాలు పేషెంట్ పక్కనే ఉండాలి. ఎక్కించడం మొదలుపెట్టాక 4 గంటల్లోపు బ్యాగ్ పూర్తవ్వాలి.

షుగర్ పడిపోయిన పేషెంట్ పేజీలో గీత ఇంకోలా పడింది. గ్లూకోమీటర్‌లో 54 వచ్చింది, చెమటలు పడుతున్నాయి, కానీ స్పృహలో ఉన్నాడు, మింగగలడు. అప్పుడు నోటి ద్వారా 15 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఒక్క చుక్క కూడా వేయకూడదు. పక్కకు తిప్పి, సాయం పిలిచి, లైన్ సిద్ధం చేసి, ఆసుపత్రి ప్రోటోకాల్ ప్రకారమో ఆర్డర్ ప్రకారమో ఐవీ (నరంలోకి) డెక్స్‌ట్రోజ్ అనే గ్లూకోజ్ ద్రావణం ఇవ్వాలి. "మీ ప్రోటోకాల్ ప్రకారం" అన్న మాట ప్యానెల్ ముందు వాడండి. ప్రతి ఆసుపత్రికి రాతపూర్వకంగా పద్ధతులు ఉంటాయని, వాటిని చదివి పాటిస్తామని ఆ ఒక్క మాటలో తెలుస్తుంది.

గైనిక్ వార్డు కోరుకునేవాళ్లు, బీపీ పెరిగిన గర్భిణులకి ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ పేజీ తప్పకుండా రాయండి. ప్రతి డోసుకి ముందు మోకాలి రిఫ్లెక్స్ ఉందా, శ్వాస నిమిషానికి 16కి తగ్గకుండా ఉందా, మూత్రం గంటకు కనీసం 30 ఎంఎల్ వస్తోందా చూడాలి. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఆ డోసు ఆపి చెప్పాలి. విరుగుడు క్యాల్షియం గ్లూకోనేట్, 10 శాతం ద్రావణం 10 ఎంఎల్, నెమ్మదిగా ఐవీ. అది అందుబాటులో ఉందో లేదో మొదటి డోసుకి ముందే చూసుకుంటాను అని చెప్తే మీరు నిజంగా వార్డులో పని చేసినవాళ్లని వాళ్లకి అర్థమవుతుంది.

ఇలా నలభైకి పైగా పేజీలు అయ్యాయి. కానీ రాయడం ఒక ఎత్తు, పైకి చెప్పడం ఒక ఎత్తు. నేను మొదటిసారి ఫెయిలైంది చెప్పడంలోనే. అందుకని రోజూ సాయంత్రం అమ్మ వంట చేస్తుంటే పక్కన నిలబడి ఒక పేజీ తెలుగులో చెప్పేదాన్ని. అమ్మ ఐదో తరగతి వరకే చదువుకుంది. అర్థం కాకపోతే వెంటనే "ఎందుకు?" అంటుంది. ఆ "ఎందుకు" నాకు ఏ గైడ్‌లోనూ దొరకలేదు. సూది గుచ్చుకుంటే ఏం చేయాలో చెప్తున్నాను: ఆ చోటు సబ్బుతో, నీళ్లతో కడగాలి, పిండకూడదు, వేలు నోట్లో పెట్టుకోకూడదు. "రక్తం పిండేస్తే విషం పోతుంది కదే?" అంది. పిండితే అక్కడి కణజాలం ఇంకా దెబ్బతింటుందని, వైరస్ బయటికి పోతుందన్న నమ్మకం లేదని ఆమెకు అర్థమయ్యేలా చెప్పేసరికి ఆ విషయం నాకే కుదురుగా పట్టుబడింది. ఆ వెంటనే ఇన్‌చార్జ్‌కి చెప్పి రిపోర్ట్ రాయించడం, అవసరమైతే హెచ్ఐవీ రాకుండా ఇచ్చే పెప్ మందులు వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడడం కూడా చెప్పాను.

తెలుగులో తడబడకుండా వచ్చాకే అదే పేజీ ఇంగ్లీషులో ఫోన్‌లో రికార్డ్ చేసేదాన్ని. తెలుగు మీడియంలో చదివిన వాళ్లకి ఈ వరస బాగా పనికొస్తుందని నా నమ్మకం. ముందు ఇంగ్లీషు వాక్యాలు బట్టీ పడితే, మధ్యలో ప్రశ్న కొంచెం మార్చి అడిగినా మొత్తం కూలిపోతుంది. పని వరస మనసులో ఉంటే చిన్న చిన్న వాక్యాలైనా చాలు. "స్టాప్ ద ట్రాన్స్‌ఫ్యూజన్. కీప్ ద లైన్ ఓపెన్." ఇంతే. గ్రామర్ తప్పిందని నన్ను ఎవరూ ఆపలేదు. ఫోన్‌లో డాక్టర్‌కి ఎలా చెప్తావో చూపించమంటే మాత్రం ఎస్‌బార్ వరస తప్పకూడదు: ఇప్పుడేం జరుగుతోంది, పేషెంట్ ఎవరు, దేనికి చేరారు, నేను చూసిందేంటి, మీ నుంచి ఏం కావాలి. ఫోన్‌లో ఆర్డర్ ఇస్తే రాసుకుని, తిరిగి చదివి వినిపించాలి.

హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ అయితే హిందీ కూడా కాస్త నేర్చుకోండి. నన్ను ఒక మేడమ్ పేషెంట్‌లా నటిస్తూ హిందీలో మాట్లాడించారు. హాస్టల్‌లో నా రూమ్‌మేట్ నేర్పిన "దర్ద్ కహాఁ హై", "కబ్ సే హై", "ఘబరాయియే మత్" ఆ రోజు నన్ను ఆదుకున్నాయి.

లెక్కలకి రోజుకి పావుగంట చాలు, కానీ రోజూ చేయాలి. 500 ఎంఎల్ 4 గంటల్లో, సెట్ ఎంఎల్‌కి 20 చుక్కలు: 500ని 20తో హెచ్చించి 240తో భాగిస్తే 41.6, అంటే నిమిషానికి 42 చుక్కలు. మైక్రో డ్రిప్ సెట్ 60 చుక్కలది కాబట్టి గంటకు ఎన్ని ఎంఎల్లో నిమిషానికి అన్ని చుక్కలే, లెక్కే అక్కర్లేదు. ఐసీయూకి వెళ్లేవాళ్లని బీపీ పెంచే మందు డోపమైన్ లెక్క అడుగుతారు. 60 కిలోల పేషెంట్‌కి కిలోకి నిమిషానికి 5 మైక్రోగ్రాములు, 50 ఎంఎల్ సిరంజిలో 200 మిల్లీగ్రాములు ఉంటే గంటకు 4.5 ఎంఎల్. ఇది కాగితం మీద మూడు మెట్లలో వచ్చేదాకా చేయండి.

రెండో ఇంటర్వ్యూ సంగతి తక్కువలో చెప్తాను, ఎందుకంటే అక్కడ నేర్చుకున్నది ఒక్కటే. వెంటిలేటర్ పేషెంట్లని చూశావా అంటే చూశాను అన్నాను. చదువుకునేటప్పుడు పోస్టింగ్‌లో దూరం నుంచి చూసిందే తప్ప సొంతంగా చూసుకోలేదు. "హై ప్రెషర్ అలారమ్ మోగింది, మొదట దేన్ని చూస్తావు?" అన్నారు. మెషీన్‌ని అన్నాను. మొదట చూడాల్సింది పేషెంట్‌ని. ఛాతీ కదులుతోందా, ట్యూబ్ కొరుకుతున్నాడా, కఫం అడ్డుపడిందా, ట్యూబ్ మడత పడిందా, సర్క్యూట్‌లో నీళ్లు చేరాయా. కారణం దొరక్కపోతే, పేషెంట్ ఇబ్బంది పడుతుంటే, సర్క్యూట్ విడదీసి, చేత్తో నొక్కే అంబు బ్యాగ్‌తో ఊపిరి ఇస్తూ సాయం పిలవాలి. ఇది నాకు ఇప్పుడు తెలుసు. ఆ రోజు మాత్రం లేని అనుభవం ఉందన్నాను, అది ఒక్క ప్రశ్నలో బయటపడింది. దయచేసి ఆ పని చేయకండి. "సొంతంగా చూసుకోలేదు మేడమ్, నేర్పిస్తే నేర్చుకుంటాను, అలారమ్ మోగితే ముందు పేషెంట్‌ని చూడాలని తెలుసు" అంటే చాలు.

మూడో ఇంటర్వ్యూలో నేను ఎక్కువగా భయపడిన ప్రశ్న వచ్చింది: "నువ్వు చేసిన తప్పు ఒకటి చెప్పు." గైడ్‌లలో ఉండే "నేను పర్‌ఫెక్షన్ ఎక్కువ కోరుకుంటాను" లాంటి జవాబు చెప్పాలనిపించలేదు. జరిగిందే చెప్పాను. పాత చోట ఒకే పేరున్న ఇద్దరు పెద్దావిడలు పక్కపక్క బెడ్లలో ఉండేవారు. రాత్రి డ్యూటీలో ఇన్సులిన్ తీసుకుని, పేరు పిలిస్తే పలికారని ఒకామె దగ్గరికి వెళ్లాను. చేయి పట్టుకునేసరికి ఆమె "నాకు షుగర్ లేదమ్మా" అన్నారు. నా చేతులు వణికాయి. ఆ రోజు నుంచి పేరు నేను చెప్పను, పేషెంట్‌నే చెప్పమంటాను. పేరుతో పాటు రిస్ట్ బ్యాండ్ మీద నంబరు కలుపుతాను, బెడ్ నంబరుని లెక్కలోకి తీసుకోను, ఇన్సులిన్ డోసు ఇంకో సిస్టర్‌కి చూపించకుండా ఇవ్వను. ఇది చెప్తుంటే గొంతు పట్టేసింది. మేడమ్ నీళ్ల గ్లాసు ముందుకు జరిపి, "ఆ విషయం మీ ఇన్‌చార్జ్‌కి చెప్పావా?" అని మాత్రం అడిగారు. చెప్పాను అన్నాను. నిజంగానే చెప్పాను, తిట్లు కూడా తిన్నాను. ఆ తర్వాత ప్రశ్నలు తేలిగ్గా సాగాయి. బయోమెడికల్ వేస్ట్ రంగులు, చేతులు కడిగే ఐదు సందర్భాలు, పెద్దవాళ్లకి సీపీఆర్‌లో 30 నొక్కులకి 2 ఊపిర్లు, నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు.

కాగితాల గురించి రెండు మాటలు. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, మార్కుల మెమోలు, ఎక్స్‌పీరియన్స్ లెటర్, ఉంటే బీఎల్ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్ శిక్షణ) కార్డు, అన్నీ రెండేసి జిరాక్స్‌లు పెట్టుకోండి. ఆంధ్రలో రిజిస్టరై తెలంగాణలో చేరేవాళ్లు తెలంగాణ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ పని ముందే మొదలుపెట్టండి, దానికి టైమ్ పడుతుంది. ఒరిజినల్స్ చూపించండి, కానీ వాళ్ల దగ్గర వదిలి రాకండి. బాండ్ ఉందంటే ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నది కాగితం మీద చదివాకే సంతకం పెట్టండి. జీతం గురించి, నైట్ డ్యూటీల గురించి అడగడం తప్పు కాదు. నేను అడిగాను, ఆఫర్ వచ్చింది.

ఇప్పుడు మా హాస్టల్‌లో ఇంటర్వ్యూలకి వెళ్లే చెల్లెళ్లని ఆదివారాలు కూర్చోబెట్టి అడుగుతుంటాను. పోయిన వారం అడిగినవి మూడు మీకూ ఇస్తున్నాను. నోట్‌బుక్‌లో గీత గీసి, రెండు వైపులా నింపి, పైకి చెప్పి రికార్డ్ చేసుకోండి.

కాన్పు అయి గంటయింది, ప్యాడ్ పూర్తిగా తడిసిపోయింది, తల్లి కళ్లు తిరుగుతున్నాయంటోంది. డాక్టర్ ఇంకో కాన్పులో ఉన్నారు.

సెఫలోస్పోరిన్ యాంటీబయాటిక్ ఐవీ మొదలుపెట్టిన రెండు నిమిషాలకి పేషెంట్ ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బిగుసుకుపోతోందంటున్నాడు. డాక్టర్ కింద అంతస్తులో ఉన్నారు.

రాత్రి మూడు గంటలు. సీనియర్ సిస్టర్ "అందరికీ బీపీ 120/80 రాసేయ్, పొద్దున్నే రౌండ్స్ ఉన్నాయి" అంది. నువ్వింకా ఎవరికీ బీపీ చూడలేదు.