కామెంటరీ క్యాసెట్లు ఎక్కించేటప్పుడు జనం హోరు చెరిపేయకండి

రేడియోలో తెలుగులో క్రికెట్ ఆట చెప్పి మైదానాన్ని కళ్లకు కట్టించిన వ్యాఖ్యాతల గొంతులు ఇప్పుడు చాలావరకు ఇళ్లలోని క్యాసెట్లలోనే ఉన్నాయి. అన్నీ రేడియో, టేప్ రికార్డర్ కలిసిన టూ-ఇన్-వన్‌లో రికార్డు నొక్కి దాచుకున్నవే. మన విజయవాడ, గుంటూరు ఉక్కకు వాటికి బూజు పట్టడం మామూలు. కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఇంకా ఆలస్యం చేస్తే దక్కవు.

ముందు క్యాసెట్‌ను వెలుతురుకు పట్టి రీలు అంచు చూడండి. తెల్లటి మచ్చలుంటే ప్లేయర్‌లో పెట్టొద్దు. ఆ బూజు ప్లేయర్‌లో రీలును చదివే హెడ్‌కు అంటుకుని తర్వాత పెట్టే క్యాసెట్లకూ పాకుతుంది. మూత బిగుతుగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో వారం ఉంచి, మాస్కు కట్టుకుని మెత్తటి బ్రష్‌తో దులపాలి.

రీలు బాగానే ఉండి గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వస్తుంటే ప్రెషర్ ప్యాడ్ చూడండి. క్యాసెట్ నోటి మధ్యలో, సన్నటి రేకు మీద అతికించిన చిన్న ఫెల్టు ముక్క అది. జిగురు ఎండితే ఊడిపోతుంది. పనికిరాని మరో క్యాసెట్‌లోంచి రేకుతో సహా తీసి ఇందులో అమర్చొచ్చు. తెగిన రీలుకు మాత్రం మామూలు సెల్లో టేప్ వేయొద్దు, దాని జిగురు కారి పక్క చుట్లను పట్టేస్తుంది.

సెల్ రిపేరు షాపుల్లో దొరికే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో హెడ్ తుడిచి, ఆరాక, క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా ముందుకీ వెనక్కీ తిప్పండి. హెడ్ పక్కనున్న, దాని వాలును సరిచేసే అజిముత్ స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ వినాలి. ‘సిక్సర్’లో ‘స’ పదునుగా పలికిన చోట ఆపేయాలి. రికార్డింగ్ లెవెల్ మామూలు ఓవర్ చూసి పెట్టకండి, వికెట్ పడిన చోటు వెతికి అక్కడ మైనస్ 6 డీబీ దాటకుండా పెట్టండి. ఆ కేక పగిలిపోతే మళ్లీ అతకదు. మోనో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలు గంటకు సుమారు 520 ఎంబీ అవుతుంది. హమ్మింగ్ వస్తుంటే ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి.

అసలు నష్టం జరిగేది దీని తర్వాతే. సాఫ్ట్‌వేర్‌లో రొద తగ్గించే నాయిస్ రిడక్షన్‌కు నమూనాగా మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఇస్తాం. కామెంటరీలో ఆ ఖాళీ నిండా ఉండేది జనం. సాఫ్ట్‌వేర్ వాళ్లనే రొద అనుకుని స్టేడియం మొత్తాన్ని తుడిచేస్తుంది, మిగిలిన గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. వ్యాఖ్యాత గొంతు పెంచింది ఆ హోరు మీదుగా వినిపించడానికే కదా, అది పోతే ఆయన ఎందుకు అరుస్తున్నాడో అర్థం కాదు. 80 హెర్ట్జ్ కిందుండే లోతైన శబ్దాన్ని కోసేయండి, చాలు. కేక తర్వాత గొంతు ఓ క్షణం సన్నబడి మళ్లీ లేస్తుంది. అది ఆనాటి రికార్డర్ లెవెల్ తనంతట తాను సర్దుకోవడం. దాన్నీ ముట్టుకోవద్దు.

చాలా లేబుళ్ల మీద ‘విజయవాడ మ్యాచ్’ అని మాత్రమే ఉంటుంది. ఇందిరాగాంధీ స్టేడియంలో వెస్టిండీస్‌తో వన్డే, అందులో మార్లన్ శామ్యూల్స్ సెంచరీ వినిపిస్తే అది 2002 నవంబరు 24 నాటిది. మైకు చేతులు మారేటప్పుడు వ్యాఖ్యాతలు ఒకరి పేరొకరు చెప్పుకుంటారు. ఆ పేరు, అది వినిపించిన నిమిషం ఫైలు పేరులోనే రాసి పెట్టండి.