తిరస్కరణ, న్యాయభావన: సైకాలజీ ఆప్షనల్‌లో నేను చదివిన తీరు

సివిల్స్‌కు సైకాలజీ ఆప్షనల్ తీసుకున్న మిత్రుల కోసం, రెండో పేపర్‌లో నాకు బాగా ఉపయోగపడిన ప్రక్రియాపరమైన న్యాయం (అంటే నిర్ణయం తీసుకున్న తీరులో, దాన్ని తెలియజేసిన తీరులో న్యాయం) అనే అంశం గురించి రాస్తున్నాను. సిలబస్‌లోని ప్రేరణ సిద్ధాంతాల్లో ఆడమ్స్ ఈక్విటీ సిద్ధాంతం ఉంది కాబట్టి, న్యాయం అనగానే చాలామంది దానితోనే సరిపెట్టుకుంటారు. పడిన కష్టానికి దక్కిన ప్రతిఫలాన్ని తోటివారితో పోల్చుకోవడం గురించి అది చెబుతుంది. అయితే ప్రమోషన్ రాని ఇద్దరిలో ఒకరు సర్దుకుపోయి, మరొకరు పని మానేసి ఎందుకు వెళ్లిపోతారో తెలియాలంటే ప్రక్రియాపరమైన న్యాయాన్ని కూడా చదవాలి.

నేను చీమకుర్తిలోని ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు రాస్తూ, సాయంత్రాలు ఒంగోలులో చదువుకునేవాణ్ణి. ఒకసారి సూపర్‌వైజర్ పోస్టుకు కొత్త మనిషిని తీసుకున్న సంగతి, ఎన్నాళ్లుగానో దానిపై ఆశ పెట్టుకున్న సీనియర్ పాలిషర్‌కు, పొద్దున సంతకం పెట్టబోతూ హాజరు రిజిస్టర్‌లో పై వరుసన ఆ పేరు చూశాకే తెలిసింది. ఆయన ఆ నెలాఖరుకే మానేశారు. తర్వాత అదే పోస్టు మళ్లీ ఖాళీ అయినప్పుడు, అడిగిన మరో కార్మికుణ్ణి యజమాని కూర్చోబెట్టి, పలకల కొలతలు లెక్కగట్టి రాయడం ఇంకా రావాలని రిజిస్టర్ తెరిచి చూపించారు. పోస్టు ఆయనకూ రాలేదు, కానీ ఆయన మానలేదు సరికదా, కొలతలు నేర్పమని నా దగ్గరికే వచ్చారు.

ప్రక్రియ న్యాయంగా ఉండాలంటే పాటించాలని లెవెంతాల్ 1980లో చెప్పిన ఆరు నియమాలు (అందరికీ ఒకే తీరు, పక్షపాతం లేకపోవడం, సరైన సమాచారం, తప్పును దిద్దుకునే వీలు, సంబంధితుల అభిప్రాయానికి చోటు, నైతికత) ఇవన్నీ చూశాకే నాకు ఒంటబట్టాయి. తప్పును దిద్దుకునే వీలు మనందరికీ తెలిసినదే: ఏపీపీఎస్సీ ప్రాథమిక కీ ఇచ్చి అభ్యంతరాలు స్వీకరించేది అందుకే.

జవాబులో నిర్వచనాలను క్లుప్తంగా ముగించి, బ్రాక్‌నర్, వైసెన్‌ఫెల్డ్ 1996లో తేల్చిన విషయానికి ఎక్కువ చోటివ్వండి: ఫలితం ప్రతికూలంగా ఉన్నప్పుడే ప్రక్రియలోని న్యాయం మనుషుల స్పందనను ఎక్కువగా మారుస్తుంది. గ్రీన్‌బర్గ్ 1990 అధ్యయనంలో 15 శాతం జీతాల కోతకు కారణాన్ని వివరంగా, సానుభూతితో చెప్పిన ఫ్యాక్టరీలో, ముక్తసరిగా చెప్పిన ఫ్యాక్టరీలోకన్నా దొంగతనాలు తక్కువగా జరిగాయి. అది జీతానికి సంబంధించినది కాబట్టి, ఎంపికలో తిరస్కరణ గురించి అడిగితే ఎంపిక పద్ధతి న్యాయంగా ఉందని అభ్యర్థులకు ఎప్పుడు అనిపిస్తుందో చెప్పే గిల్లిలాండ్ 1993 నమూనాను తప్పక జోడించండి. పరీక్షకూ ఉద్యోగానికీ సంబంధం, సత్తా చూపే అవకాశం, సకాలంలో సమాచారం, మర్యాద అనేవి అందులోని ముఖ్యాంశాలు.