ఇంగ్లండ్‌లో మా బాబుకి సోషల్ కేర్ అసెస్‌మెంట్: నా అనుభవం

మా బాబుకి ఆటిజం. మాటలు రాలేదు, రాత్రిళ్లు నిద్రపోడు. ఇంట్లో కాస్త సాయం కావాలంటే కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) సోషల్ కేర్ వాళ్లని అడగాలన్నారు, వాళ్లొచ్చి ఏం సాయం అవసరమో అంచనా (అసెస్‌మెంట్) వేస్తారు. సోషల్ వర్కర్ అనగానే మా ఆయనకి టెన్షన్: పిల్లాణ్ని తీసుకుపోతారేమో, వీసాకి ఇబ్బందవుతుందేమో. వీసా సంగతి నేనే చూశాను. మాకు ప్రభుత్వ నిధులు వాడుకోకూడదన్న షరతుంది, అందుకే వైకల్యం ఉన్న పిల్లలకిచ్చే భత్యం, డిజెబిలిటీ లివింగ్ అలవెన్స్, అడగలేం. సాయం అవసరమైన పిల్లల కోసం ఉన్న 1989 చిల్డ్రన్ యాక్ట్ 17వ సెక్షన్ కింద కౌన్సిల్ నుంచి వచ్చే సాయం మాత్రం ఆ నిధుల జాబితాలో లేదు. మనవాళ్లలో చాలామంది ఈ భయంతోనే అసలు అడగరు.

ఫోన్ చేస్తే, "మా టీమ్ మరీ తీవ్రమైన కేసులే చూస్తుందండీ" అన్నారు. ఫోన్లో వాదించి లాభం లేదని మెయిల్ పెట్టాను. వైకల్యం ఉన్న పిల్లలు ఆ సెక్షన్ ప్రకారం సాయం అవసరమైనవాళ్ల లెక్కలోకే వస్తారు, విడిగా నిరూపించక్కర్లేదు. రెఫరల్ (సాయం కావాలన్న అభ్యర్థన) అందాక ఒక పనిదినంలో ఏం చేస్తారో తేల్చాలి, అసెస్‌మెంట్ 45 పనిదినాలు దాటకూడదు. ఈ మూడూ రాసేసరికి జవాబులో స్వరం మారింది.

సోషల్ వర్కర్ ఇంటికొచ్చిన రోజు మా అత్తగారు ఇక్కడే ఉన్నారు. వచ్చినావిడకి టీ ఇచ్చి, "మా మనవడు బంగారం, మాకే ఇబ్బందీ లేదని చెప్పమ్మా" అన్నారు నాతో. ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పలేదు. రాత్రిళ్లు రాసుకున్న నోట్‌బుక్ చేతికిచ్చాను. "1.40 లేచాడు, వీధి తలుపు గొళ్లెం లాగాడు. 2.15 గోడకి తల కొట్టుకున్నాడు. 4 దాకా మేలుకునే ఉన్నాడు. పాప కూడా లేచింది." పేజీలు తిప్పుతూ సోషల్ వర్కర్ మా పాప గురించి కూడా అడిగారు. అప్పటిదాకా ఆ పిల్ల నిద్ర గురించి ఎవరూ అడగలేదు.

డ్రాఫ్ట్ రిపోర్ట్ చూస్తే ఒళ్లు మండింది. "కుటుంబం బాగానే నెట్టుకొస్తోంది", కాబట్టి సెలవుల్లో ఒక క్లబ్బు చాలట! ఏ చట్టం కింద నిర్ణయించారో రాతపూర్వకంగా చెప్పమన్నాను. ఇక్కడే అసలు మెలిక ఉంది. 17వ సెక్షన్ కింద కౌన్సిల్‌కి బాధ్యతైతే ఉంది గానీ, ఫలానా సాయం ఇచ్చి తీరాలని పట్టుబట్టడం కష్టం. 1970 నాటి క్రానికల్లీ సిక్ అండ్ డిజేబుల్డ్ పర్సన్స్ యాక్ట్ 2వ సెక్షన్ అలా కాదు. ఇంట్లో పనికి సాయం, ఇంట్లో మార్పులు వంటివి ఈ బిడ్డకి అవసరమని ఒకసారి తేలితే ఇక ఇవ్వాల్సిందే, బడ్జెట్ లేదంటే కుదరదు. మా రిపోర్ట్‌లో దాని ఊసే లేదు. తల్లిదండ్రుల అవసరాలు విడిగా అంచనా వేసే, చిల్డ్రన్ యాక్ట్‌లోనే ఉన్న 17జెడ్‌డి సెక్షన్‌నీ వదిలేశారు. అందులో నేను ఉద్యోగం చేస్తున్నానా, చెయ్యాలనుకుంటున్నానా అన్నది కూడా పట్టించుకోవాలి. ఉద్యోగం మానేసి కూర్చున్నదాన్ని, ఆ ప్రశ్న నన్నెందుకు అడగరు?

రెండూ కలిపి మళ్లీ రాయించాను. ఒప్పుకోకపోతే మూడంచెల ఫిర్యాదు, ఆ తర్వాత కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు చూసే స్వతంత్ర అధికారి అంబుడ్స్‌మన్ ఉన్నారు గానీ అంతదాకా పోలేదు. వారానికి కొన్ని గంటలు మనిషిని పెట్టుకోవడానికి డైరెక్ట్ పేమెంట్ (కౌన్సిల్ మా చేతికే ఇచ్చే డబ్బు) మంజూరైంది. డబ్బు వస్తోంది, రాత్రిపూట పనికి ఒప్పుకునే మనిషే ఇంకా దొరకలేదు. ఆ సంగతి, ఈ సాయం ఎలా సాగుతోందో చూసే రివ్యూలో రాయించాలి.