తినని పూట డబ్బులెవరికి?

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ అయిపోయి పిల్లలు హాస్టళ్ళకి పెట్టెలు సర్దుకునే రోజుల్లో నాకు ఫోన్లు ఎక్కువవుతాయి. "నువ్వు మెస్ సెక్రటరీగా చేశావు కదా, ఏ హాస్టల్లో తిండి బాగుంటుందో చెప్పు" అని. ఎక్కడా బాగుండదు. ఆ మాట ముందే ఒప్పేసుకుంటే సగం బాధ తగ్గుతుంది. రెండొందల మందికి ఒకే గుండిగలో కాచిన సాంబారు మీ ఇంటి సాంబారులా ఉండాలనుకోవడం దానికే అన్యాయం. మెనూ కార్డు చూసి మురిసిపోవడం కూడా దండగ. సోమవారం మసాలా దోశ అని రాసి ఉంటుంది, దోశల పెనం ఒక్కటే ఉంటుంది. మీరే లెక్కేసుకోండి.

నేను అడగమనేది వేరే ప్రశ్న. మీరు తినని పూట డబ్బులు ఎవరి జేబులోకి పోతాయి? దీనికి జవాబు తెలిస్తే ఆ మెస్ ఎలా నడుస్తుందో దాదాపు తెలిసిపోతుంది.

హైదరాబాద్‌లో నేను పీజీ చదివినప్పుడు మా లేడీస్ హాస్టల్లో డివైడింగ్ మెస్ ఉండేది. ఇప్పటి కార్పొరేట్ కాలేజీ పిల్లలకి ఆ మాటే కొత్త కాబట్టి చెప్తాను. నెలంతా బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, పాలు, గ్యాసు, వంటవాళ్ళ జీతాలు అన్నీ కలిపి ఎంతైందో రాస్తారు. దాన్ని అందరూ తిన్న రోజుల మొత్తంతో భాగిస్తారు. వచ్చేది రోజు రేటు. మీరు ఎన్ని రోజులు తిన్నారో అన్ని రోజులకి మీ బిల్లు. ఆ రిజిస్టర్లో లాభం అనే గడే ఉండదు. ఊరెళ్తుంటే ముందురోజే మెస్ కట్ పుస్తకంలో సంతకం పెట్టి పోవాలి, ఆ రోజులు మీ లెక్కలోంచి తీసేస్తారు. చుట్టాలొస్తే గెస్ట్ కూపన్.

వినడానికి ఇంతకన్నా న్యాయమైన పద్ధతి లేదనిపిస్తుంది. కానీ సంక్రాంతి నెల బిల్లు అతికించిన రోజు నోటీస్ బోర్డు దగ్గర నిలబడితే తెలిసేది. ఉదాహరణకి 200 మంది అనుకుందాం. అందరివీ కలిపి నెలకి 6,000 రోజులు. జీతాలూ గ్యాసూ కలిపి లక్షన్నర అయితే మనిషికి రోజుకి 25 రూపాయలు, సరుకులకి ఓ 60, మొత్తం 85. సంక్రాంతికి 120 మంది పది రోజులు కట్ పెట్టి వెళ్ళిపోయారు. రోజులు 4,800కి పడిపోయాయి. జీతాలు తగ్గవు కదా! ఆ 25 కాస్తా 31 దాటింది. రోజు రేటు 91 పైనే. పండక్కి ఇంటికి వెళ్ళలేక ఉండిపోయిన వాళ్ళే, అంటే ప్రాజెక్టు పని ఉన్నవాళ్ళు, ఒడిశా నుంచో మణిపూర్ నుంచో వచ్చి రైలు ఛార్జీలకి భయపడి ఆగిపోయిన వాళ్ళే, ఆ పెరిగిన రేటు నెల పొడుగునా కట్టాలి. బొబ్బట్లు తిన్నది వాళ్ళు కాదు, బిల్లు మాత్రం వాళ్ళకి. దీని మీద మా హాస్టల్లో జరిగినన్ని జనరల్ బాడీ మీటింగులు ఏ రాజకీయ విషయం మీదా జరగలేదు. చివరికి మూడు రోజులకి తక్కువైతే కట్ లేదని, నెలకి పది రోజులు మించకూడదని పెట్టారు. ఎవరికీ నచ్చలేదు. అంటే సరిగ్గానే పెట్టారన్నమాట.

మెస్ సెక్రటరీ అంటే పెద్ద పదవేమీ కాదు, పొద్దున్నే స్టోర్ రూమ్ తాళం తీసే పని. చలికాలంలో స్వెటర్ మీద చున్నీ చుట్టుకుని వెళ్ళేసరికి వంట మాస్టర్ అప్పటికే గుమ్మం దగ్గర బీడీ ఆర్పేసి నిలబడి ఉండేవాడు. "రాత్రికి ఎంతమందమ్మా?" అని అడిగేవాడు. నేను కట్ పుస్తకం చూసి నూట తొంభై అనేదాన్ని. ఆయన తలూపి, తన లెక్క తను వేసుకునేవాడు. శనివారమా కాదా, ఇళ్ళ నుంచి డబ్బులొచ్చే నెల మొదటి వారమా, మర్నాడు ఇంటర్నల్ పరీక్ష ఉందా, ఈ మూడే ఆయనకి కావలసింది. మనిషికి 150 గ్రాముల బియ్యం చొప్పున రెండొందల మందికి 30 కేజీలు పడతాయి. శనివారం రాత్రి 22 కేజీలే కొలిచేవాడు, మిగతా ఎనిమిదీ కడిగి పక్కన పెట్టేవాడు. జనం వస్తే రెండో విడత ఎసట్లో పడేది, రాకపోతే ఆ నానిన బియ్యం రుబ్బురోలుకి పోయి మర్నాడు అట్లయ్యేది. నేను చదివిన స్టాటిస్టిక్స్ పేపర్లో ఇంత నికరమైన అంచనా ఒక్కటీ కనపడలేదు.

ఆదివారం చికెన్ సంగతి మాత్రం ఏ మాస్టరూ తేల్చలేడు. అడుగున ముక్కలు, పైన పులుసు. వడ్డించే అక్క గంటె ఎంత లోతుకి వెళ్తుందా అని లైన్లో ఇరవై మంది కళ్ళు. శాకాహారులకి ఆ పూట పనీర్ పెట్టేవాళ్ళం. చికెన్ ఖర్చు మా మీద కూడా ఎందుకు పంచాలని వాళ్ళ గొడవ, పనీర్ మాక్కూడా ఎందుకు పెట్టరని వీళ్ళ గొడవ. చివరికి చికెన్ విడిగా ఎక్స్‌ట్రా రాసి, తిన్నవాళ్ళ బిల్లులోనే వేశాం. అప్పుడు పనీర్ లైను ఒక్కసారిగా పెరిగింది.

డివైడింగ్‌ని మరీ ఆకాశానికి ఎత్తడం లేదు. స్టోర్ రూమ్‌లో నూనె డబ్బా మాయమైతే అదీ పంపకంలోనే పడుతుంది. స్కాలర్‌షిప్ మీద చదివేవాళ్ళకి ఇంకో తలనొప్పి. ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో పాటు రావలసిన మెయింటెనెన్స్ డబ్బులు, అదే పిల్లలు ఎంటీఎఫ్ అనేది, ఆలస్యమైతే మెస్ బకాయి పేరుకుంటుంది. కిరాణా కొట్టాయన మాత్రం ఆగడు. హాస్టల్, తిండి ఖర్చుల కోసం ఆంధ్రలో 2020లో మొదలైన వసతి దీవెన పథకం కింద డిగ్రీ, ఆపై చదివేవాళ్ళకి ఏడాదికి 20,000 ప్రకటించారు. పది నెలలకి పంచితే నెలకి రెండు వేలు. తెలంగాణ సంక్షేమ హాస్టళ్ళలో ఇంటర్ నుంచి పీజీ దాకా డైట్ ఛార్జీలు, అంటే మనిషికి తిండి ఖర్చు, నెలకి 1,500 నుంచి 2,100కి పెంచింది 2024 చివర్లో. అంటే రోజుకి 70 రూపాయలు. టిఫిను, రెండు పూటలా అన్నం, గుడ్డు, సాయంత్రం ఏదో ఒకటి, అన్నీ అందులోనే. లెక్కలు రాసిన చేత్తో చెప్తున్నాను, ఆ 70లో మంచి కందిపప్పు వండి పెట్టే వార్డెన్ ఎవరైనా ఉంటే వాళ్ళకి దండం పెట్టాలి.

ఇక ఇప్పుడు ఎక్కువ కాలేజీల్లో ఉన్నది కాంట్రాక్ట్ మెస్. ఏడాదికింతని ముందే కట్టించుకుంటారు. బయటి క్యాటరర్ అయితే 5 శాతం జీఎస్టీ అదనం. కాలేజీయే స్వయంగా తన విద్యార్థులకి వండి పెడితే ఆ పన్ను లేదు, 2018లోనే కేంద్రం ఈ మాట స్పష్టం చేసింది. కాబట్టి బిల్లులో జీఎస్టీ గీత కనపడితే వండేది ఎవరో అడగండి. ఇక్కడ మీరు తినకపోతే మిగిలేది కాంట్రాక్టరుకి. మీరు బయటికెళ్ళి బిర్యానీ తిన్న ప్రతి రాత్రీ ఆయనకి ఓ ప్లేటు కలిసొస్తుంది. కాంట్రాక్ట్ మెస్సుల్లో ఉప్మా ఎందుకు చావదో ఇప్పుడర్థమైందా? చెయ్యడం సులువు, సరుకు చవక, సగం మంది మొహం చూసి వెళ్ళిపోతారు. నలుగురూ ఎగబడి తినే పూరీ కూర నెలకోసారి కనపడితే గొప్ప. ఆయన చెడ్డవాడని కాదు. వచ్చే డబ్బు ముందే వచ్చేసింది, ఇక తగ్గించుకోగలిగింది ఖర్చొక్కటే.

అసలు ఏ ప్లానూ వద్దనుకునేవాళ్ళకి హైదరాబాద్ కర్రీ పాయింట్లని ఇచ్చింది. అమీర్‌పేట, ఎస్సార్ నగర్, దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో గదిలో రైస్ కుక్కర్ పెట్టుకుని, సాయంత్రం పోయి దొండకాయ వేపుడొకటీ పప్పొకటీ కవర్లో కట్టించుకొచ్చి బతికిన తరాలున్నాయి. కవరు మూతికి దారం వేలు తిప్పినంత వేగంగా చుట్టేస్తారు, విప్పడానికి మాత్రం పళ్ళు కావాలి. తినని పూట కొనరు, అంతే, ఎవరికీ బాకీ లేదు. కాకపోతే పరీక్షల వారంలో గిన్నెలు తోమేది ఎవరని రూమ్మేట్లతో మాటలు పోతాయి.

అమెరికాలో అండర్‌గ్రాడ్‌కి వెళ్ళిన మా కొలీగ్ వాళ్ళబ్బాయి మాటలు విన్నాక అక్కడా ఇదే కథని తెలిసింది. వాళ్ళ యూనివర్సిటీలో మొదటి ఏడాది క్యాంపస్‌లోనే ఉండాలి, మీల్ ప్లాన్ తప్పనిసరి. వారానికి ఇన్ని స్వైపులని ఇస్తారు, కార్డు గీకి లోపలికెళ్తే ఎంతైనా తినొచ్చు, వారం ముగిసేసరికి మిగిలినవి పోతాయి. ఆవకాయ సీసా బ్యాగులో పెట్టుకుని డైనింగ్ హాలుకి వెళ్తున్నాడట పాపం. మిగిలిన స్వైపులు గాల్లో కలిసిపోవడమేంటని లాస్ ఏంజెలిస్‌లో యూసీఎల్‌ఏ విద్యార్థులకి 2010లోనే ఒళ్ళు మండింది. వాటిని తిండికి ఇబ్బంది పడేవాళ్ళకి మళ్ళించడం మొదలుపెట్టారు. స్వైప్ అవుట్ హంగర్ అని తర్వాత చాలా క్యాంపస్‌లకి పాకింది. మన దగ్గర ఎవరైనా పూనుకుంటే బాగుండును. మెస్ కట్ రాని పూటలు ఒక్కో హాస్టల్లో ఎన్ని పోతాయో!

మొన్న మా అక్క కూతురు వాళ్ళ కొత్త కాలేజీ పీడీఎఫ్ పంపింది. మూడు ప్లాన్లు. వెజ్, నాన్‌వెజ్, ఇంకోటి 'ప్రీమియం'. ప్రీమియంలో ఏముందే అంటే "ఏసీ హాలు పిన్నీ" అంది. కూర అదేనట. కొన్ని ప్రశ్నలు దానితో వార్డెన్ మేడమ్‌ని అడిగించాను. ఇంటికెళ్తే డబ్బు తగ్గిస్తారా, ఎన్ని రోజులు ముందు చెప్పాలి, సెమిస్టర్ మధ్యలో ప్లాన్ మార్చుకోవచ్చా, మెస్ కమిటీలో పిల్లలున్నారా, ఆహార భద్రతకి ఇచ్చే ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ గోడ మీద పెట్టారా. తగ్గిస్తారట, వరసగా నాలుగు రోజులు దాటితేనే. శని ఆదివారాలకి వర్తించదు. మిగతావాటికి "జాయినయ్యాక చూద్దువులే అమ్మా" అన్నారట.

మధ్యాహ్నం, రాత్రి మాత్రమే ఉండే రెండు పూటల ప్లాను ఒకటుందని పీడీఎఫ్ చివరి పేజీలో చిన్నక్షరాల్లో దొరికింది. అదే తీసుకుంటానంది. మరి టిఫిను సంగతేమిటే అంటే, "క్లాసుకి పది నిమిషాల ముందు లేచేదానికి ఇడ్లీ డబ్బులెందుకు పిన్నీ" అంది. లెక్క ప్రకారం దానిదే రైటు. వాళ్ళమ్మకి మాత్రం నన్ను చెప్పమంటోంది.